వర్తమానమునకు రూపము

విద్యార్థులారా, మీ తాతగార్ల కాలమున దూరమునకు అత్యవసరమైన వార్త పంపవలెననిన తంతి కార్యాలయమునకు పోయెడివారు. అచ్చట ఒక అచ్చు ఫారము ఇచ్చెడివారు. చేరవలసినవారి చిరునామాకు ఒక చోటు, వార్తకు ఒక చోటు, పంపువారి పేరునకు ఒక చోటు, వార్త సాధారణమైనదో త్వరితముగా పోవలసినదో తెలుపుటకు మరియొక చోటు అందు ఉండెడివి. పండుగ శుభాకాంక్షలు, పెండ్లి దీవెనలు మున్నగువానికి వాక్యములను ముందుగనే ఏర్పరచి, ఒక్కొక్క వాక్యమునకు ఒక్కొక్క అంకె నిచ్చియుండిరి. పంపువారు అంకె చెప్పిన చాలును. తీగమీద అంకె పోవును. ఆవలి కార్యాలయమునందలి గుమాస్తా ఆ అంకెకు తగిన వాక్యమును వ్రాసి ఇచ్చును.

2013వ సంవత్సరము జూలైలో మన దేశమున ఆ తంతి సేవ ముగిసినది. ఆ ఫారము నేర్పిన పాఠము మాత్రము నేటికిని పనికివచ్చుచున్నది. వర్తమానమునకు ఒక జాతి కలదు. ఆ జాతికి తగిన అంగములు కలవు. వానిని ముందుగా విచారించి ఏర్పరచినవాడే వర్తమానమును చెడకుండ చేర్పగలడు. నేడు మనమందరమును వాడుచున్న చాట్ చానెళ్ల వర్తమానములను కంప్యూటరు ప్రోగ్రామునందు ఏ రూపమున నిలుపవలెనో ఈ వ్యాసమున వివరింప నెంచితిమి.

ఈ విషయము మాకు ఒక వానకాలపు ఉదయమున బోధపడినది. మా కంప్యూటరు తరగతి విద్యార్థులు కొందరు ఒక చిన్న ప్రోగ్రామును వ్రాసిరి. ఉపాధ్యాయులును తలిదండ్రులును గల పాఠశాల చానెలునుండి వర్తమానములను గ్రహించి, ద్వారముచెంతనున్న తెరమీద చూపుట దాని మొదటి పని. స్మార్ట్‌ఫోను లేని తలిదండ్రులకు ఆ వర్తమానమునే సాధారణ ఎస్సెమ్మెస్సుగా పంపుట రెండవ పని. కొన్ని నెలలు అది చక్కగా నడచినది. మేమును సంతోషించితిమి.

ఒకనాటి రాత్రి చానెలునందు “రేపు బడి యథాప్రకారము జరుగును” అని వ్రాయబడెను. తెల్లవారుజామున గాలివాన హెచ్చరిక రాగా, ఆ వర్తమానమునే సవరించి “నేడు బడి లేదు” అని మార్చిరి. స్మార్ట్‌ఫోను గలవారందరును ఆ మార్పును చూచిరి. మా ప్రోగ్రాము మాత్రము దానిని గ్రహింపలేదు. తెరమీద రాత్రి మాటయే నిలిచియుండెను. ఎస్సెమ్మెస్సు అందుకొన్న వారికిని రాత్రి మాటయే కడపటి మాట అయ్యెను. గజపతినగరము వైపునుండి అక్కచెల్లెండ్రిద్దరు మొదటి బస్సున వచ్చి, తడిసిన పుస్తకములతో ద్వారమువద్ద నిలిచిరి.

“బడి ఉందనే కదా మాస్టారూ, మా నాన్నకి మెసేజి వచ్చింది?” అని పెద్దపిల్ల అడిగినది. మావద్ద ఉత్తరము లేకపోయెను. వారిని లోపల కూర్చుండబెట్టి, తండ్రికి కబురుచేసి, వాన తగ్గినపిమ్మట ఇంటికి పంపితిమి.

ఏ ప్రమాదమును జరుగలేదు. అయినను తుపాను వార్త ఎంత విలువగలదో మన ఉత్తరాంధ్ర జిల్లాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు మన విజయనగరమునందును విద్యుత్తు, టెలిఫోనులు స్తంభించెను. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస సమీపమున తీరము చేరి కొబ్బరితోటలను, జీడితోటలను కూల్చివేసెను. ఇట్టి చోట “బడి కలదు”, “బడి లేదు” అను రెండు మాటలకు గల భేదము పిల్లల క్షేమమునకు సంబంధించినది.

మరునాడు ఆ ప్రోగ్రాము వ్రాసిన బాలుని పిలిచి అడిగితిమి. “సవరణ కూడా వస్తుందని నేను అనుకోలేదు మాస్టారూ” అని అతడు తల వంచుకొని చెప్పెను. మేమును అనుకొనలేదు. కావున ఆ తప్పు వ్రాసినవానిది ఎంతయో, పాఠము చెప్పిన మాదియు అంతయే. ఆ తప్పు ఎక్కడ పుట్టినదో ఇప్పుడు విచారింతము.

ఆ బాలుడు ప్రతి వర్తమానమును ఒక స్ట్రింగుగా నిలిపియుండెను. స్ట్రింగు అనగా అక్షరముల వరుస. కాలము, పేరు, మాటలు అన్నియు ఒకే వరుసలో దండవలె గ్రుచ్చబడియుండెను. మాట వచ్చినను, ఎవరైన చేరినను, ఛాయాచిత్రము వచ్చినను అది ఒక అక్షరముల వరుసయే. సవరణ వచ్చినప్పుడు దానికి తగిన వరుస లేనందున ప్రోగ్రాము దానిని చప్పుడు చేయక పారవేసెను. దోషమంతయు ఈ “చప్పుడు చేయక” అను మాటయందే యున్నది.

చానెళ్ల చరిత్రను చూచినయెడల, ఆదినుండియు వర్తమానములకు జాతులున్నవని తెలియగలదు. 1988 ఆగస్టులో ఫిన్‌లాండు దేశమున ఔలు విశ్వవిద్యాలయమునందు జార్కో ఓయికారినెన్ అనునతడు ఐఆర్‌సీ అను సంభాషణ వ్యవస్థను నిర్మించెను. దాని నిబంధనలు 1993 మే నెలలో ప్రకటింపబడెను. అందు ఒక్కొక్క వర్తమానమున ఒక ఆజ్ఞాపదముండును. “జాయిన్” అనునది చేరుటను, “పార్ట్” అనునది వెడలుటను, “టాపిక్” అనునది చర్చావిషయము మార్చుటను తెలుపును. మాటలాడుటకు వేరొక పదము కలదు. వర్తమానమంతయు కడపటి గుర్తులతో కూడ 512 అక్షరస్థానములకు మించరాదు. తీగమీద పోవునది అక్షరముల వరుసయే యైనను, చదువువాడు ఆ ఆజ్ఞాపదమును చూచి జాతిని గుర్తింపవలెను. ఆ నిబంధనలలో ఒకమారు పలికిన మాటను సవరించుట అనునది లేదు. తరువాత వచ్చిన చానెళ్లలో సవరణయు, తొలగింపును చేరినవి. జాతులు పెరిగినకొలది వానిని గుర్తించు బాధ్యతయు పెరిగినది.

ఇక డేటా టైపు అననేమి? ఒక వస్తువు ఏయే రూపములలో ఉండవచ్చునో, ఏయే రూపములలో ఉండరాదో కంప్యూటరునకు ముందుగా చెప్పు ఒప్పందమే డేటా టైపు. దానిని నిర్మించుటకు మనకు రెండు చిన్న మాటలు చాలును. ఒకటి “మరియు”, రెండవది “లేక”.

తంతి ఫారమును తలచుకొనుడు. చిరునామా మరియు వార్త మరియు పంపువారి పేరు. ఈ మూడును ఉన్నగాని ఫారము పూర్తికాదు. ఇది “మరియు” వలన ఏర్పడిన టైపు. తపాలా కార్యాలయమునకు పోయి “ఏమి కావలెను?” అనిన ప్రశ్నకు కార్డు లేక ఇన్‌లాండు లెటరు లేక కవరు అని చెప్పుదుము. ఒకే వస్తువు ఏకకాలమున కార్డును కవరును కానేరదు. ఇది “లేక” వలన ఏర్పడిన టైపు. చాట్ వర్తమానమునకు రెండును కావలెను.

అన్ని వర్తమానములకును సామాన్యమైన అంగములు మూడు: గుర్తుసంఖ్య మరియు పంపినవారు మరియు కాలము. పిమ్మట విషయము. ఆ విషయము ఈ క్రింది వానిలో ఏదో ఒక్కటి మాత్రమే:

మాట: పలుకులు
లేక చిత్రము: చిత్రముండు చోటు
లేక చేరిక: చేరినవారి పేరు
లేక సవరణ: పూర్వ వర్తమానపు గుర్తుసంఖ్య మరియు క్రొత్త పలుకులు
లేక తొలగింపు: పూర్వ వర్తమానపు గుర్తుసంఖ్య

ఇందు సవరణ అను పంక్తిని శ్రద్ధతో చూడుడు. సవరణ తనంతట తాను నిలువజాలదు. అది దేనిని సవరించుచున్నదో చెప్పవలెను. పూర్వ గుర్తుసంఖ్య లేని సవరణను వ్రాయుటకు ఈ టైపు సమ్మతింపదు. వ్రాసినవాడు మరచినను ఒప్పందము మరువదు.

కొందరు విద్యార్థులు ఇట్లు అడిగిరి: “ఇన్ని జాతులేల? ఒకే పెద్ద ఫారమున అన్ని గడులును ఉంచి, అక్కరలేని వానిని ఖాళీగా విడిచిన సరిపోదా?” ఇది మంచి ప్రశ్న. లెక్కవేసి చూతము. విషయమునకు నాలుగు గడులనుకొందము: పలుకులు, చిత్రము, చేరినవారి పేరు, పూర్వ గుర్తుసంఖ్య. ప్రతి గడియు నిండియుండవచ్చును లేక ఖాళీగా ఉండవచ్చును. కావున రెండును నాలుగుమార్లు గుణింపగా 16 విధములైన ఫారములు ఏర్పడును. వానిలో అర్థముగలవి మనము పైన చెప్పిన అయిదే. తక్కిన 11 విధములును అర్థములేనివి. పలుకులును చేరినవారి పేరును కలిసియున్న ఫారమునకు అర్థమేమి? అన్నియు ఖాళీగా ఉన్నదానికి అర్థమేమి? ఆ 11 విధములలో ఏదో ఒకటి ఏదో ఒకనాడు ప్రోగ్రామునందు పుట్టక మానదు. “లేక” అను మాటతో కట్టిన టైపునందు అవి పుట్టుటకే వీలులేదు. తప్పును వెదకి దిద్దుటకంటె, తప్పునకు చోటులేకుండ చేయుట మేలు గదా!

ఖాళీ గడి వలన కలుగు కీడు పెద్దలకును తెలియును. 1965వ సంవత్సరమున ఆంగ్లేయ పండితుడు టోనీ హోర్ ఒక ప్రోగ్రామింగు భాషను రచించుచు, “ఏమియు లేదు” అని తెలుపు శూన్యసూచికను అందు చేర్చెను. చేర్చుట సులభమని చేర్చెను. 2009లో ఒక సభయందు అతడే దానిని నూరు కోట్ల డాలర్ల తప్పిదముగా ఒప్పుకొనెను. అంతటి విద్వాంసుడు బహిరంగముగా తన తప్పును ఒప్పుకొనుట మనకందరకును ఆదర్శప్రాయము.

“లేక” టైపులు క్రొత్తవి కావు. 1970 తరువాతి సంవత్సరములలో స్కాట్లాండునందలి ఎడింబరో విశ్వవిద్యాలయమున రాబిన్ మిల్నర్ మొదలగువారు ఎంఎల్ అను భాషను నిర్మించిరి. 1980లో అచ్చటనే వెలువడిన హోప్ అను భాష ఇట్టి టైపులకు స్పష్టమైన రూపమిచ్చినది. నేడు హాస్కెల్, స్విఫ్ట్, రస్ట్ మున్నగు భాషలలో అవి సామాన్యముగా వాడుకలో నున్నవి. ఈ భాషలలోని కంపైలరు, అనగా మనము వ్రాసినదానిని యంత్రమునకు అర్థమగునట్లు మార్చు సాధనము, మరియొక మేలు చేయును. అయిదు జాతులున్నవని చెప్పి, నాలుగింటికి మాత్రమే ఏమి చేయవలెనో వ్రాసినయెడల, “అయిదవదానికి ఏమి చేయుదువు?” అని అడుగును. రస్ట్ భాషలోనైతే ఉత్తరము చెప్పువరకు ముందుకు సాగనీయదు. తరగతిలో హాజరు పిలుచు ఉపాధ్యాయుడు ఒక్క పేరును విడిచినను పట్టికయే పట్టియిచ్చునట్లు ఇది పట్టియిచ్చును.

మా విద్యార్థులు తమ ప్రోగ్రామును రస్ట్ భాషలో తిరిగి వ్రాసి, సవరణ అను జాతిని చేర్చిరి. వెంటనే కంపైలరు మూడుచోట్ల ఆపెను: తెరకు చూపు చోట, ఎస్సెమ్మెస్సు పంపు చోట, దినవహి పట్టికలో వ్రాయు చోట. ఆ మూడు చోట్లను ఒకే ఉత్తరము పనికిరాదని అప్పుడు వారు గ్రహించిరి. తెరమీద పాత మాటను తీసి క్రొత్త మాటను ఉంచిన చాలును. పట్టికలో రెండును ఉండవలెను. ఎస్సెమ్మెస్సు ఒకమారు పోయిన తరువాత వెనుకకు రాదు; కావున “ముందు పంపిన మాట రద్దు; నేడు బడి లేదు” అని మరియొకటి పంపవలెను. ఈ ఆలోచన అంతయు ఆ వానకు ముందే చేయవలసినది. ఆలోచింపుమని అడుగువారు మాకు లేకపోయిరి.

ఇట్టి లోపము చిన్న పాఠశాలలకే కలుగునని తలపవలదు. 2018 జనవరి 13వ తేదీ ఉదయమున అమెరికా దేశపు హవాయి దీవులలో, అభ్యాసము జరుగుచున్న సమయమున, క్షిపణి వచ్చుచున్నదని నిజమైన హెచ్చరికయే ప్రజల ఫోనులకు పోయెను. అది అభ్యాసము కాదనియు అందు వ్రాయబడియుండెను. అది పొరపాటని తెలుపు వర్తమానము ఫోనులకు చేరుటకు 38 నిమిషములు పట్టెను. పొరపాటు హెచ్చరిక పోవచ్చునని ముందుగా తలచి, దానిని దిద్దు విధానమును ఏర్పరచుకొనలేదని పిమ్మటి విచారణలో తేలినది. మా పిల్లవాడు చెప్పిన మాటయే అది: “వస్తుందని అనుకోలేదు.”

హెచ్చరికలకొరకు లోకమంతట వాడబడు ఒక నిబంధన కలదు. దానిని కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అందురు, దాని 1.2 అను కూర్పు 2010లో వెలువడినది. అందు ప్రతి వర్తమానమునకును జాతిని చెప్పితీరవలెను: హెచ్చరిక, నవీకరణ, రద్దు, స్వీకృతి, దోషము అను అయిదింటిలో ఒకటి. అది నిజమైనదో, అభ్యాసమో, పరీక్షయో మొదలగు స్థితిని వేరొక చోట చెప్పవలెను. నవీకరణ గాని రద్దు గాని అయినచో ఏ పూర్వ వర్తమానమునకు సంబంధించినదో తెలుపవలెను. మన దేశపు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ “సచేత్” అను పేర నడుపు హెచ్చరికల ఏర్పాటు ఈ నిబంధనను అనుసరించినదే. 2023లో మన ఫోనులు ఒక్కసారిగా పెద్దధ్వనితో మ్రోగి, ఇది పరీక్షార్థము పంపిన వర్తమానమని చూపినది మీలో పలువురికి జ్ఞాపకముండును.

పలుకులను గూర్చియు ఒక మాట చెప్పవలెను. “పలుకులు” అను అంగమునకును ఒక టైపు కలదు. మన కంటికి “శ్రీ” ఒక్క అక్షరము. యూనికోడు లెక్కలో అది నాలుగు గుర్తులు: శ, హల్లుగుర్తు, ర, దీర్ఘమైన గుడి. యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడేసి బైట్ల చొప్పున 12 బైట్లు. ఒక ఎస్సెమ్మెస్సులో ఆంగ్లాక్షరములు 160 పట్టగా, తెలుగు గుర్తులు 70 మాత్రమే పట్టును. గుర్తులను లెక్కింపక వర్తమానమును ఎక్కడపడిన అక్కడ త్రుంచిన, ఒత్తు ఒకచోటను అక్షరము ఒకచోటను పడును. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనబడని ఒక గుర్తును నడుమ చేర్చుకొన్న “జ్ఞా” అను కూర్పు వర్తమానముగా వచ్చినంతనే ఆపిల్ సంస్థవారి ఫోనులలో చాట్ ప్రోగ్రాములు ఆగిపోయెను. ఆ సంస్థ ఆ నెలలోనే దానిని సరిదిద్దినది. లోకమునందలి గొప్ప నిపుణులు వ్రాసిన ప్రోగ్రాముకూడ మన తెలుగక్షరము ధరింపగల రూపములన్నిటిని ముందుగా తలపోయలేదు. మన లిపిని ఎరిగిన పిల్లలు ఈ విద్య నేర్చుకొనవలసిన అవసరమును ఇంతకంటె చెప్పనేల?

కడపట ఒక సందేహము మిగిలియున్నది. రేపు చానెలు నడుపువారు ఆరవ జాతిని ప్రవేశపెట్టిన ఏమి చేయవలెను? మన పట్టికలో లేని జాతి వచ్చునుగదా! దీనికి మా విద్యార్థులు “తెలియనిది” అను మరియొక పంక్తిని చేర్చిరి. అట్టిది వచ్చినప్పుడు ప్రోగ్రాము దానిని పారవేయక, “ఒక వర్తమానము వచ్చినది; ఇచ్చట చదువ వీలుకాలేదు; పాఠశాలకు ఫోనుచేసి తెలిసికొనుడు” అని తెలుపును. తెలియనిదానిని తెలియదని చెప్పుట మనుష్యులకు ఎంత మర్యాదయో, ప్రోగ్రామునకును అంత మర్యాద.

ఆ పిమ్మట మరియొక గాలివాన వచ్చెను. రాత్రి ఒక మాటయు, తెల్లవారుజామున దాని సవరణయు మరల వచ్చెను. ఏడుగంటలకు మేము ద్వారమువద్ద గొడుగుతో నిలిచి చూచితిమి. మొదటి బస్సు వచ్చి ఆగి, కదలిపోయెను. అందుండి మా పిల్లలెవ్వరును దిగలేదు. ఆ సవరణ అను పంక్తిని వ్రాసిన బాలునికి ఆ మాట చెప్పితిమి.

అభ్యాసములు

1. పైన చెప్పిన టైపునందు “చానెలును విడిచిపోవుట” అను జాతిని చేర్చుము. దానికి ఏయే అంగములు కావలెను?

2. ఒకే వర్తమానమునకు రెండు సవరణలు వచ్చి, రెండవది ముందుగా చేరినయెడల ఏది నిలుపవలెను? సామాన్య అంగములు మూడింటిలో ఏది నీకు సహాయపడును?

3. నాలుగు గడుల ఫారమునకు “అత్తగారి ఊరికి పోయిన తేదీ” వలె అయిదవ గడిని చేర్చిన ఎన్ని విధముల ఫారములు ఏర్పడును?

4. మీ యింట తలిదండ్రులకు వచ్చు వర్తమానములను ఒక దినమంతయు చూచి, అవి ఎన్ని జాతులవో పట్టిక వ్రాయుము. పెద్దల అనుమతి తీసికొని చూడవలెను. వారి మాటలను వ్రాయవలదు, జాతులను మాత్రమే వ్రాయుము.